కూర్చుని లేచే బలం: గరిడీ నుంచి డ్రిల్లు పీరియడు దాకా

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. బడి పుట్టుక గురించో, భవనాల గురించో, హెడ్మాస్టర్ల వరుస గురించో రాస్తానని వాళ్లు అనుకుని ఉంటారు. అవి రాయడానికి నాకన్నా బాగా తెలిసినవారు మనలో ఉన్నారు. ముప్పై ఏళ్ల పైచిలుకు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పిన నాకు చిన్న విషయాల చరిత్ర మీద మోజు ఎక్కువ. అందుకే మన టైంటేబుల్లో వారానికి రెండుసార్లు కనిపించి, మార్కుల జాబితాలో ఎక్కడా కనిపించని ఒక పీరియడును ఎంచుకున్నాను. అదే డ్రిల్లు పీరియడు.

లెక్కలు, ఇంగ్లీషు మనకు ఉద్యోగాలిచ్చాయి. ఇప్పుడు మనలో చాలామంది అరవై దాటారు. తొలి బ్యాచీల వారు డెబ్బై దాటారు. ఈ వయసులో మనకు రోజూ ఎదురయ్యే పరీక్షలు వేరు. నేల మీద కూర్చుని ఎవరి చేయీ పట్టుకోకుండా లేవడం, గ్యాస్ బండను నాలుగడుగులు జరపడం, ఎత్తయిన బస్సు మెట్టు ఎక్కడం, మనవరాలిని చంకనెత్తుకోవడం, తడి నేల మీద కాలు జారితే నిలదొక్కుకోవడం. ఇవన్నీ ఒకే సబ్జెక్టులోని ప్రశ్నలు. బడిలో ఆ సబ్జెక్టు చెప్పినది ఆ ఒక్క పీరియడులోనే. అది మన దాకా ఎలా వచ్చిందో, మధ్యలో ఎక్కడ జారిపోయిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

పేరు లేని బలం

మన అమ్మమ్మల కాలంలో "వ్యాయామం" అన్న మాట మామూలు ఇళ్లలో వినబడేది కాదు. అవసరం లేక. రోకలి ఎత్తి దంచితే భుజాలు, నడుము, తొడలు కలిసి పనిచేసేవి. తిరగలి తిప్పాలంటే ఒక కాలు చాపి నేల మీద కూర్చోవాలి. గిలక మీద చేద లాగితే వీపు కండలకు పని. బిందె చంకనెత్తుకుని గట్టు ఎక్కితే ఒంటి తూకం దానంతటదే కుదిరేది. మగవాళ్లకు కావడి, నాగలి, ఏతం. ఏతం తొక్కే మనిషి ఆ దూలం మీద ముందుకీ వెనక్కీ నడుస్తూ తన ఒంటి బరువుతోనే నీళ్లు తోడేవాడు. కళ్లంలో 75 కిలోల ధాన్యం బస్తా వీపు మీదికెత్తుకుని బండి దాకా నడిచినవాళ్లను మనమందరం చూశాం. వీటికి తోడు తినడం, రాయడం, నిద్రపోవడం అన్నీ నేల మీదే. కూర్చోవడానికి పీట, పడుకోవడానికి చాప. రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేచేవారో లెక్కపెట్టినవారు లేరు.

అయితే ఆ రోజుల్ని బంగారు కాలంగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆ బలం ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. బస్తాలు మోసినవారికి నలభై ఏళ్లకే నడుము వంగేది. బిడ్డను కన్న నెల తిరక్కుండానే రోలు దగ్గరికి వెళ్లిన తల్లులు లోలోపల ఎన్ని బాధలు పడ్డారో ఆ ఇళ్లకే తెలుసు. చాకిరీకీ కసరత్తుకూ తేడా ఇక్కడే ఉంది. కసరత్తులో బరువు కొద్దికొద్దిగా పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, ఒంట్లో బాగా లేకపోతే మానుకోవచ్చు. చాకిరీలో ఆ మూడూ లేవు. మిక్సీ, మోటారు పంపు, ట్రాక్టరు వచ్చి ఆ భారం దింపడం మంచిదే. కానీ భారంతో పాటు బలం కూడా దిగిపోయింది. ఆ ఖాళీని మరోదానితో నింపాలని మనం చాలాకాలం అనుకోలేదు.

గరిడీ మట్టి

పనితో సంబంధం లేకుండా, బలం కోసమే ఒంటిని సాధన చేయించే చోట్లు కూడా మన ఊళ్లలో ఉండేవి. కోస్తాలో గరిడీ అన్నారు, తాలింఖానా అన్నారు. తెలంగాణలో తాలీం అన్నారు. లోపల హనుమంతుడి పటం, మెత్తగా తవ్విన మట్టి గోదా, గోడకు ఆనించిన గదలు, కర్రలు. ఉదయాన్నే దండాలు, బస్కీలు. ఆపైన కర్రసాము, కుస్తీ. దసరాకు, పీర్ల పండక్కి వీధుల్లో ప్రదర్శనలు. మన ఉత్తరాంధ్రలో సంక్రాంతికి, ఊరి పండగలకు సంగిడి రాయి ఎత్తే పోటీలు ఈనాటికీ అక్కడక్కడ జరుగుతూనే ఉన్నాయి.

గరిడీలో నేర్పిన రెండు ముఖ్యమైన కసరత్తులను గమనించండి. దండెం అంటే నేల మీద పడుకున్న ఒంటిని చేతులతో పైకి నెట్టడం. బస్కీ అంటే పూర్తిగా కిందికి కూర్చుని లేవడం. పడినవాడు లేవడానికి, కూర్చున్నవాడు నిలబడడానికి కావలసిన బలం సరిగ్గా ఈ రెండింటిలోనే ఉంది. పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. కొరత మరోచోట ఉంది. గరిడీలో అడుగుపెట్టినది ఎక్కువగా పడుచు మగవాళ్లే. ఆడవాళ్లకు ప్రవేశం లేదు. ముసలివారు అరుగు మీద కూర్చుని చూసేవారు.

సముద్రం దాటి తిరిగొచ్చిన కసరత్తు

బడిలో మనం చేసిన డ్రిల్లు గరిడీ నుంచి నేరుగా రాలేదు. దాని దారి చుట్టుతిరుగుడు దారి. స్వీడన్‌లో పేర్ హెన్రిక్ లింగ్ అనే ఆయన 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాలయం స్థాపించారు. వరుసలో నిలబడి, మాస్టారి ఆజ్ఞ ప్రకారం చేతులు చాపి, వంగి, లేచి చేసే పద్ధతి అక్కడ రూపుదిద్దుకుని ఐరోపా బడులకు, పటాలాలకు పాకింది. మరోవైపు మన దేశంలో గద తిప్పే కసరత్తును చూసిన ఇంగ్లీషు దొరలు దాన్ని తమ దేశానికి పట్టుకెళ్లారు. 1834లో లండన్‌లో డోనాల్డ్ వాకర్ అచ్చువేయించిన వ్యాయామ గ్రంథంలో దానికి చోటు దొరికింది. అక్కడ దాని పేరు ఇండియన్ క్లబ్బు. మనం ఇచ్చిన గద సన్నబడి, నునుపు తేలి, డ్రిల్లు సామానుగా మళ్లీ మన బడులకే దిగుమతి అయింది.

ఇంతలో బలాన్ని కళ్లకు కట్టినట్టు చూపించే ప్రదర్శనల కాలం వచ్చింది. ప్రష్యాలో పుట్టిన యూజెన్ శాండో తన కండల ప్రదర్శనతో దేశాలు తిరుగుతూ 1904-05లో మన దేశానికీ వచ్చాడు. చేతులు లేని బనియనును మనం ఇప్పటికీ "శాండో బనియను" అంటున్నామంటే ఆ పేరు ఎంత దూరం వెళ్లిందో ఊహించుకోవచ్చు.

వీరఘట్టం నుంచి ఒక డ్రిల్లు మాస్టారు

ఆ కాలపు తెలుగువారిలో అందరికీ తెలిసిన పేరు కోడి రామ్మూర్తి నాయుడు. ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో బంధువుల ఇంట పెరిగి, అక్కడే కసరత్తు నేర్చారు. గుండెలకు చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి బిగించి తెంచడం, పరుగెత్తబోయే కారును ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన ప్రదర్శనలు. సొంత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు, లండన్ వెళ్లారు. జనం కలియుగ భీముడన్నారు. 1942లో కన్నుమూశారు. విశాఖ బీచిలో ఆయన విగ్రహాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు.

ఆయన జీవితంలో అందరూ త్వరగా దాటేసే ఘట్టం ఒకటుంది. సర్కస్ పెట్టక ముందు ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన బడికే డ్రిల్లు మాస్టారుగా తిరిగి వచ్చారు. గరిడీ మట్టిలో పెరిగిన మనిషి బడి మైదానంలో పిల్లల ముందు నిలబడ్డాడన్నమాట. చరిత్రకారుడిగా నాకు ఏనుగు కన్నా ఆ దృశ్యమే గొప్పగా తోస్తుంది. ఏనుగును మోయడం కోటికొకరు చేయగల పని. చూసినవాడు నోరు తెరిచి ఇంటికి వెళ్తాడు, అంతే. డ్రిల్లు మాస్టారి పని వరుసలో నిలబడ్డ నలభై మంది పిల్లల్లో బక్కవాడికి కూడా ఎంతో కొంత బలం అందించడం. లోకం మొదటిదాన్నే గుర్తుపెట్టుకుంది.

1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించాక, డ్రిల్లు మాస్టారు అనే ఉద్యోగానికి ఒక చదువు ఏర్పడింది. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి మన జిల్లాల వారికీ అది అందుబాటులోనే ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఎన్‌సీసీ, 1957లో గ్వాలియర్‌లో లక్ష్మీబాయి పేరున జాతీయ వ్యాయామ కళాశాల వచ్చాయి. మన బడి మైదానంలో ఈల ఊదిన మాస్టారి వెనుక ఇంత చరిత్ర ఉంది.

చప్పట్లు కొట్టినవాళ్లం

తర్వాతి కాలం పతకాలది. కృష్ణా జిల్లాకు చెందిన దండమూడి రాజగోపాలరావు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో బరువులెత్తి కాంస్యం తెచ్చారు. "నర్తనశాల" సినిమాలో భీముడిగా మనం చూసింది ఆయన్నే. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడమే అది మొదటిసారి. మన దేశపు మహిళకు ఒలింపిక్ పతకం రావడం కూడా మొదటిసారే. గరిడీ గడప దాటనివ్వని కాలం నుంచి అక్కడికి ఎంత దూరమో ఆలోచించండి. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి ఇప్పటికీ బరువులెత్తే పిల్లలు వస్తూనే ఉన్నారు.

వీళ్లందరినీ చూసి మనం చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. కానీ బలం అనేది గొప్పవాళ్ల వ్యవహారమనీ, మనం చూస్తే చాలనీ ఆ చప్పట్లతో పాటు మనసులో నాటుకుంది. మన బడిలోనూ అదే జరిగింది. ఖోఖో, కబడ్డీ జట్టులో ఉన్న పన్నెండు మందికి మైదానం సొంతం. మిగతావాళ్లం చుట్టూ నిలబడి అరిచేవాళ్లం. ఆడపిల్లలకు ఒక టెన్నికాయిట్ రింగు ఇచ్చి వేపచెట్టు నీడకు పంపేవారు. పదో తరగతికి వచ్చేసరికి డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారి చేతికి వెళ్లిపోయేది. అందులో ఆయన తప్పేమీ లేదు, మా అందరి తల్లిదండ్రులు కోరుకున్నదీ అదే. బస్కీలో సగాన్ని, అంటే గుంజీళ్లను మాత్రం బడి వదల్లేదు. దాన్ని శిక్షగా మార్చింది. ఎక్కం రాకపోతే యాభై గుంజీళ్లు. వినాయక చవితి నాడు దేవుడి ముందు తీసే గుంజీళ్లను, ఒంటికి అన్నిటికన్నా మేలు చేసే ఆ కసరత్తును, మేం అవమానంతో ముడిపెట్టి నేర్చుకున్నాం.

ఆసుపత్రిలో దొరికిన పాఠం

రోజువారీ బలం విలువ ఏమిటో చివరికి తేల్చి చెప్పింది మైదానం కాదు, ఆసుపత్రి. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులతో అమెరికా సైనిక ఆసుపత్రులు నిండిపోయాయి. మోకాలు, తొడ దెబ్బతిన్నవారికి తేలికపాటి కదలికలే చేయించేవారు. నెలలు గడిచినా కాలు బలపడేది కాదు. షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో థామస్ డిలార్మ్ అనే యువ వైద్యుడు అందుకు ఎదురు వెళ్లాడు. చిన్నప్పుడు జబ్బు చేసి లేచాక బరువులెత్తి బలం తెచ్చుకున్న మనిషి అతను. సైనికుల చేత తక్కువసార్లు, ఎక్కువ బరువు ఎత్తించి, బలం వచ్చేకొద్దీ బరువు పెంచుతూ పోయాడు. 1945లో ఆ పద్ధతిని అచ్చులో పెట్టాడు. సంగిడి రాయిని చిన్నది నుంచి పెద్దదానికి మారుస్తూ వెళ్లే మన గరిడీ గురువులకు ఆ సూత్రం తెలియనిది కాదు. దాన్ని కొలిచి, రోగికి మందులా రాసిచ్చిన ఘనత మాత్రం డిలార్మ్‌ది.

అది పడుచు సైనికుల సంగతి. ముసలితనంలో కండ కరగడం సహజమనీ, చేయగలిగిందేమీ లేదనీ లోకం ఇంకా నమ్ముతూనే ఉంది. 1980ల చివర్లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే వైద్యుడు ఆ కరుగుదలకు సార్కోపీనియా అని పేరు పెట్టారు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో మరియా ఫియాటరోన్ బృందం చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని కదిపింది. వాళ్లు ఎంచుకున్నది 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న పది మందిని. 8 వారాలు తొడ కండలకు గట్టి కసరత్తే చేయించారు. తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. చిన్న ప్రయోగమే, కానీ తొంభై ఏళ్ల కండ కూడా పిలిస్తే పలుకుతుందని తేలింది.

2012లో బ్రెజిల్ వైద్యుడు క్లాడియో అరౌజో బృందం మరో ఫలితం ప్రకటించింది. 51 నుంచి 80 ఏళ్ల వయసున్న 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. చేయి, మోకాలు ఊనినప్పుడల్లా మార్కు తగ్గించారు. మొత్తం పది మార్కులు. ఆ తర్వాతి సంవత్సరాల్లో తక్కువ మార్కులు వచ్చినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. కూర్చుని లేవలేకపోవడమే చావుకు కారణమని దీని అర్థం కాదు. ఒంటి బలం, తూకం, కీళ్ల వంపు అన్నీ ఎలా ఉన్నాయో ఆ ఒక్క చేష్ట చెప్పేస్తుందని అర్థం. మనం శిక్షగా తీసిన గుంజీళ్లు పెద్దల ఆరోగ్యానికి కొలబద్దగా తిరిగొచ్చాయి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దలందరూ నడకతో పాటు వారానికి కనీసం 2 రోజులు కండలకు బలమిచ్చే కసరత్తు చేయాలనీ, 65 దాటినవారు తూకం నిలిపే, బలం పెంచే కసరత్తులు 3 రోజులు చేయాలనీ చెప్పింది. మనలో చాలామందికి పొద్దున్నే నడిచే అలవాటుంది. చాలా మంచిది. కానీ నడక గుండెకు చేసినంత మేలు కండ బలానికి చేయదు.

మన వంతు

ఇంతవరకూ చరిత్ర. ఇకపై నాలుగు మాటలు తోటి విద్యార్థిగా.

ఇంట్లో ఒక గట్టి కుర్చీ గోడకు ఆనించండి. చేతులు గుండెల మీద కట్టుకుని అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 65 నుంచి 69 ఏళ్ల మధ్య మగవారు 12 కన్నా, ఆడవారు 11 కన్నా తక్కువసార్లు లేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారి పట్టిక చెబుతుంది. తక్కువ వచ్చిందని దిగులు పడొద్దు. ఆ పరీక్షే కసరత్తు కూడా. రోజు విడిచి రోజు, ఓపికున్నంత వరకు అదే చేయండి. సులువయ్యాక ఇంకాస్త తక్కువ ఎత్తు కుర్చీకి మారండి. నేల మీద దండెం తీయలేనివారు గోడకు చేతులానించి తీయవచ్చు. కూరల సంచులు రెండు చేతుల్లో సమంగా పట్టుకుని నడవడం, కిటికీ ఊచ పట్టుకుని మడమలెత్తి నిలబడడం, మంచం పట్టీ పట్టుకుని నేల మీద కూర్చుని లేవడం ఇవన్నీ కసరత్తులే. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు. అది రామ్మూర్తిగారి విద్య, మనది కాదు. గుండె జబ్బు, రక్తపోటు, మోకాలి ఆపరేషను ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.

గురువులకూ సంఘం పెద్దలకూ ఒక విన్నపం. ఏటా మనం పదో తరగతిలో మొదటి మార్కులు తెచ్చుకున్నవారికి బహుమతులిస్తున్నాం. స్వర్ణోత్సవ నిధిలోంచి కొంత మైదానానికి కేటాయిద్దాం. కొత్త గదులు లేవగా మిగిలిన జాగాను చదును చేయిద్దాం. డ్రిల్లు పీరియడు పదో తరగతిలో కూడా డ్రిల్లు పీరియడుగానే ఉండేలా, జట్టులో చోటు దొరకని పిల్లకూ పిల్లాడికీ ఆ నలభై నిమిషాలు దక్కేలా హెడ్మాస్టరుగారిని కోరుదాం. గుంజీళ్లను శిక్షల పుస్తకంలోంచి తీసేసి కసరత్తుల పుస్తకంలో చేర్చమందాం. ఇప్పుడు ఆ మైదానంలో నిలబడే పిల్లలకు రోలూ లేదు, ఏతమూ లేదు. గరిడీ వాళ్ల వీధిలో మూతపడింది. వాళ్లకు మిగిలింది ఆ ఒక్క పీరియడే.

ఉత్సవం రోజు మధ్యాహ్న భోజనానికి బల్లలు, కుర్చీలు వేస్తున్నారని విన్నాను. వేయండి, కావలసినవారు చాలామందే ఉంటారు. వాటితో పాటు పాత వరండాలో చాపలు పరిచి, విస్తళ్లు వేసి, ఒక్క పంక్తి కింద కూడా పెట్టండి. ఉత్సవానికి ఇంకా కొన్ని నెలల వ్యవధి ఉంది. ఈలోగా కుర్చీతో మొదలుపెట్టినవారు ఆ రోజుకు ఆ పంక్తిలో కూర్చోగలరని నా నమ్మకం.